స్వివెల్‌లో మడ్ లీక్: వాష్‌పైప్ ప్యాకింగ్ మార్చడం ఎలా, ఎక్కువ కాలం నిలబెట్టడం ఎలా?

ఆయిల్ రిగ్ మీద పంపుల నుంచి మడ్ (బావిలోకి పంపే డ్రిల్లింగ్ బురద ద్రవం) వచ్చే దారంతా, అంటే నిలువు గొట్టమైన స్టాండ్‌పైప్, రబ్బరు రోటరీ హోస్, వంపు గొట్టమైన గూస్‌నెక్ దాకా, తిరగకుండా ఉంటుంది. అక్కడి నుంచి కిందికి, కెల్లీ (డ్రిల్ పైపును తిప్పే పలకల గొట్టం) అయినా టాప్ డ్రైవ్ (పై నుంచి మోటారుతో పైపును తిప్పే యంత్రం) షాఫ్ట్ అయినా, అంతా తిరుగుతుంది. ఈ రెండూ కలిసే స్వివెల్ దగ్గర వాటిని కలిపేది మూరెడు కూడా లేని ఒక వాష్‌పైప్ (మడ్ పారే చిన్న స్టీలు గొట్టం), దాన్ని పట్టుకుని ఉండే నాలుగైదు ప్యాకింగ్ (లీక్ ఆపే రబ్బరు) రింగులు. తిరిగే భాగాల దగ్గర లీక్ అనగానే రిగ్ మీద ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇదే.

ఈ రింగుల మీద ఎంత భారం పడుతుందో ముందు చూడండి. స్టాండ్‌పైప్ గేజ్ 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తోందంటే, సుమారు 2,100 మీటర్ల లోతు నీటి అడుగున ఉండే ఒత్తిడి ఆ రబ్బరు మీద ఉన్నట్టు. కుక్కర్ గాస్కెట్ కూడా ఒత్తిడిని ఆపుతుంది, కానీ దాని మీద మూత గిరగిరా తిరగదు. ఇక్కడ తిరుగుతుంది. వాష్‌పైప్ బయటి వ్యాసం నాలుగు అంగుళాలు, వేగం 120 ఆర్‌పీఎం అనుకుంటే, 12 గంటల షిఫ్టులో ప్యాకింగ్ లిప్ (పైపును తాకే రింగు పెదవి) సుమారు 27.5 కిలోమీటర్ల దూరం ఆ పైపు మీద రాసుకుంటుంది. ఆ రాపిడి మధ్యలోకి ఇసుక కూడా వస్తే ఏం మిగులుతుంది?

అందుకే ఈ పనిలో నేను నమ్మే మాట ఒకటే. బిగించి లీక్ ఆపలేం. పైపు సూటిగా ఉండాలి, నున్నగా ఉండాలి, గ్రీజుతో తడిగా ఉండాలి. ఈ మూడూ ఉంటే కొత్త ప్యాకింగ్ తనంతట తానే లీక్‌ను ఆపుతుంది. ఇందులో ఒకటి లేకపోయినా ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా కొద్ది రోజుల్లో మళ్లీ అదే పని చేయాల్సి వస్తుంది.

ముందు కారేది ఏమిటో, ఎక్కడి నుంచో చూడండి

కారుతున్నది మడ్ అయితే అది వాష్‌పైప్ అసెంబ్లీ నుంచి వస్తోంది. నల్లగా, జిడ్డుగా గేర్ ఆయిల్ కారుతుంటే అది షాఫ్ట్ ఆయిల్ సీల్ సమస్య, ప్యాకింగ్ మారిస్తే పోదు. మడ్ అయితే ఇంకాస్త జాగ్రత్తగా గమనించండి. తిరిగే ప్యాకింగ్ బాక్స్ పై అంచు దగ్గర వాష్‌పైప్‌ను ఆనుకుని వస్తోందంటే ప్యాకింగ్ అరిగింది. నట్టు మరల దగ్గర నుంచి వస్తోందంటే ఓ-రింగ్ తెగి ఉండొచ్చు, లేదా నట్టు వదులై ఉండొచ్చు. ఈ తేడా కింద నుంచి సరిగ్గా కనిపించదు. పంపు ఆపి, ఒత్తిడి పూర్తిగా తీశాక పైకి వెళ్లి తుడిచి చూస్తే తడి ఏ వైపు నుంచి మొదలైందో తెలుస్తుంది.

ఒత్తిడి ఉన్నప్పుడు మాత్రం దగ్గరికి వెళ్లొద్దు, చేత్తో తడిమి చూడొద్దు. వేల పీఎస్ఐ దగ్గర సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా లోపల కండరం పాడవుతుంది. అలాంటిది ఎవరికైనా జరిగితే ‘చిన్నదే కదా’ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి.

లీక్ కనిపించిన రోజే స్వివెల్ లేదా టాప్ డ్రైవ్ గేర్ ఆయిల్ కూడా చూడండి. తెల్లగా, మజ్జిగ రంగులోకి మారి ఉంటే నీరు లోపలికి చేరినట్టే. ప్యాకింగ్ సెట్ పోతే పోయేది కొన్ని గంటల పని. మడ్ బేరింగ్‌లోకి దిగితే స్వివెల్ మొత్తం విప్పాలి. చిన్న లీకే కదా అని నడిపించేవాళ్లు మరిచిపోయేది ఇదే. మొదలైన లీక్ తగ్గదు. లిప్ దాటిన మడ్ ఆ సందును గంట గంటకూ పెద్దది చేస్తుంది, చివరికి వాష్‌పైప్ స్టీలును కూడా కోసేస్తుంది. చుక్కలు మొదలైతే స్పేర్ సిద్ధం చేసుకోండి, ఎప్పుడు ఆపాలో డ్రిల్లర్‌తో మాట్లాడండి. ధారగా చిమ్మడం మొదలైతే ఇక ఆలోచించేదేం లేదు, పంపు ఆపించాలి.

పని డెరిక్‌లో (రిగ్ టవర్ మీద) కాదు, బల్ల మీద మొదలవుతుంది

వాష్‌పైప్, ప్యాకింగ్, స్పేసర్లు, నట్లు అన్నీ కలిపి ఒక పూర్తి అసెంబ్లీని ముందే కట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టి రిగ్ మీద ఎప్పుడూ ఉంచుకోండి. పైన ఉన్నది దించి, కట్టి ఉన్నది ఎక్కించడం ఒక పద్ధతి. పైనే నిలబడి ఒక్కో రింగూ తీసి వేయడం ఇంకో పద్ధతి. రెండోదాంట్లో సమయం పోతుంది, గాలికి దుమ్ము పడుతుంది, రాత్రి పూట లిప్ తిరగబడిందో లేదో కూడా కనిపించదు. నా దృష్టిలో స్పేర్ అసెంబ్లీ లేకుండా డ్రిల్లింగ్ మొదలుపెట్టడమే తప్పు.

అసెంబ్లీ కట్టేటప్పుడు తయారీదారు మాన్యువల్‌లోని డ్రాయింగ్ ఎదురుగా పెట్టుకోండి. స్పేసర్ రింగులు చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ పైది వేరు, మధ్యది వేరు, కిందది వేరు. పాత అసెంబ్లీ విప్పుతున్నప్పుడే ఏది ఏ వరుసలో వచ్చిందో బల్ల మీద అదే వరుసలో పేర్చండి, ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

ప్యాకింగ్ లిప్ ఎప్పుడూ ఒత్తిడి వచ్చే వైపు చూడాలి. ఈ రింగు పనిచేసే తీరే అది. మడ్ ఆ లిప్‌లోకి చొరబడి దాన్ని విప్పార్చి పైపుకు అదుముతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. తిప్పి వేస్తే అదే ఒత్తిడి లిప్‌ను పైపు నుంచి ఎత్తేస్తుంది. ఒక్కో రింగు లిప్ గాడిలో గ్రీజు నిండుగా పెట్టండి. గ్రీజు కన్నం ఉన్న స్పేసర్ సరిగ్గా బాక్స్ మీది గ్రీజ్ నిపుల్‌కు ఎదురుగా రావాలి. దాన్ని పట్టి ఉంచే పిన్ లేదా స్క్రూ తన గాడిలో కూర్చుందో లేదో చూడాలి. ఇది తప్పితే మీరు ఎన్ని గన్నుల గ్రీజు కొట్టినా ప్యాకింగ్‌కు చుక్క చేరదు.

వాష్‌పైప్‌ను దూర్చేటప్పుడు దాని ఒంటి మీదా గ్రీజు రాయండి. చేత్తో నెమ్మదిగా, మెలితిప్పుతూ నెట్టండి. సుత్తితో కొట్టి దూరిస్తే పైపు అంచు లిప్‌ను కోస్తుంది, ఆ కోత బయటికి కనిపించదు. ప్యాకింగ్ రకం కూడా చూసుకోండి. నీటి మడ్‌కు సరిపోయిన రబ్బరు ఆయిల్ మడ్‌లో ఉబ్బి మెత్తబడొచ్చు. ఏ మడ్‌లో డ్రిల్ చేస్తున్నామో చెప్పి స్టోర్స్ నుంచి తీసుకోండి.

ఆపడానికి సరైన సమయం

పంపు ఆపి, స్ట్రింగ్‌ను (బావిలోకి దిగిన డ్రిల్ పైపుల వరుసను) స్లిప్స్‌లో (పైపును ఫ్లోర్ దగ్గర పట్టి ఉంచే ఆప్పుల్లో) పెట్టి కదలకుండా ఉంచాలి. ఓపెన్ హోల్‌లో (ఇంకా కేసింగ్ పైపు దించని బావి భాగంలో) స్ట్రింగ్ ఊరికే నిలబడితే గోడకు అతుక్కుని ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి వీలైతే బిట్‌ను కేసింగ్ షూ (కేసింగ్ పైపు అడుగు చివర) లోపలికి లాగాక మార్చడం మంచిది. అది కుదరనప్పుడు ఎక్కడ ఆపాలో టూల్‌పుషర్ (రిగ్ సిబ్బంది పెద్ద), కంపెనీ మనిషి (బావి యజమాని సంస్థ ప్రతినిధి) కలిసి నిర్ణయించాలి. మెకానిక్ ఒక్కడే తేల్చే విషయం కాదు.

టాప్ డ్రైవ్ రిగ్‌లో టాప్ డ్రైవ్ ఫ్లోర్ దగ్గరికి దిగి ఉన్నప్పుడు ఈ పని సులువు. కెల్లీ రిగ్ అయితే కెల్లీని రాట్‌హోల్‌లో (కెల్లీని నిలిపే ఫ్లోర్ గొయ్యిలో) పెడితే స్వివెల్ అందే ఎత్తుకు వస్తుంది. అప్పుడు స్లిప్స్‌లో వేలాడుతున్న స్ట్రింగ్ పైన సేఫ్టీ వాల్వ్ బిగించి ఉండాలి.

పంపు ఆగిందంటే బావిని చూసే పని ఆగినట్టు కాదు. బావిని ట్రిప్ ట్యాంక్ (బావిలోని మడ్ హెచ్చుతగ్గులు కొలిచే చిన్న ట్యాంకు) మీద పెట్టి, మట్టం పెరుగుతోందా తగ్గుతోందా అని ఒకరు చూస్తూనే ఉండాలి. రాజమండ్రి కేంద్రంగా ఓఎన్‌జీసీ డ్రిల్ చేసే కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ లోతు బావుల్లో పొరల ఒత్తిడి, వేడి రెండూ ఎక్కువ. అలాంటి చోట అందరి కళ్లూ స్వివెల్ వైపు ఉన్నప్పుడు అన్యులస్‌ను (డ్రిల్ పైపుకూ బావి గోడకూ మధ్య ఖాళీని) ఎవరూ చూడకపోవడం చాలా పెద్ద పొరపాటు.

ఒత్తిడి తీయడం, తాళం వేయడం

పంపులు ఆపండి. టాప్ డ్రైవ్‌లో ఐబీఓపీ, అంటే బ్లోఅవుట్‌ను ఆపే లోపలి వాల్వ్, మూయండి. స్టాండ్‌పైప్ ఒత్తిడిని బ్లీడ్ చేయండి (వాల్వ్ తెరిచి బయటికి వదలండి). గేజ్ సున్నా చూపిస్తే సరిపోదు. బరువైన మడ్‌లో బరైట్ (బరువు కోసం కలిపే ఖనిజ పొడి) గట్టిపడి గేజ్ లైన్‌నో బ్లీడ్ లైన్‌నో మూసేస్తే, లోపల ఒత్తిడి ఉండగానే ముల్లు సున్నా మీద నిలబడొచ్చు. బ్లీడ్ వాల్వ్ తెరిచినప్పుడు మడ్ వచ్చి, తగ్గి, ఆగడం కంటితో చూడండి. వాల్వ్ తెరిచే ఉంచండి.

తర్వాత మడ్ పంపులకూ, టాప్ డ్రైవ్ మోటారుకూ లేదా రోటరీకీ లాకౌట్ తాళం, ట్యాగ్ వేయాలి. తాళం చెవి పైకి ఎక్కేవాళ్ల జేబులోనే ఉండాలి. డ్రిల్లర్ కన్సోల్ వదిలి వెళ్లకూడదు. పర్మిట్ రాయడం, టూల్ బాక్స్ మీటింగ్‌లో ఎవరు ఏం చేస్తారో చెప్పుకోవడం కొందరికి కాగితాల తంతులా అనిపిస్తుంది. పైన ఉన్న మనిషి చేతులు తిరిగే షాఫ్ట్ మీద ఉంటాయి. కింద ఉన్నవాడికి ఆ సంగతి తెలియాలంటే ఇంతకన్నా వేరే దారి లేదు.

పైకి వెళ్లేవాళ్లకు హార్నెస్, దానికి పైన కట్టు తప్పనిసరి. సమ్మెటకూ రెంచ్‌కూ తాడు కట్టి ఉండాలి. ఎన్ని పనిముట్లు పైకి వెళ్లాయో అన్నీ కిందికి వచ్చాయా అని లెక్క చూడండి. కింద ఫ్లోర్ మీద మనుషులు తిరగకుండా తాడు కట్టండి.

విప్పడం

చాలా వాష్‌పైప్ అసెంబ్లీల్లో నట్లకు ఎడమ మర ఉంటుంది. ఏ వైపు తిప్పితే విడుతుందో మాన్యువల్‌లో చూసుకుని, నట్టు మీద పెయింట్‌తో బాణం గుర్తు వేసుకోండి. టెన్షన్‌లో తప్పు వైపు నాలుగు దెబ్బలు వేస్తే ఇంకా బిగుసుకుపోతుంది. పై నట్టు, కింది ప్యాకింగ్ బాక్స్ రెండూ వదులయ్యాక ఒకదాని వైపు ఒకటి జరిపితే అసెంబ్లీ పొట్టిదవుతుంది, అప్పుడు పక్కకు లాగితే వచ్చేస్తుంది. బరువుగా ఉంటుంది. ఒక్కరే చేతులతో పట్టుకోవద్దు, విడిపోకముందే హాయిస్ట్‌కు కట్టండి.

పాత ప్యాకింగ్‌ను పారేయకండి, చదవండి

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే మెట్టు ఇది. చాలామంది దీన్నే దాటేస్తారు. లీక్ ఎందుకు వచ్చిందో పాత రింగు మీదే రాసి ఉంటుంది.

లిప్ చుట్టూ సమానంగా అరిగి ఉంటే దాని ఆయుష్షు తీరింది, లేదా మడ్‌లో గరుకు ఎక్కువైంది. ఎన్ని గంటలు నడిచిందో చూస్తే ఈ రెండింటిలో ఏదో తెలుస్తుంది. ఒకే వైపు అరిగి, ఎదురు వైపు కొత్తగా ఉంటే గూస్‌నెక్‌కూ షాఫ్ట్‌కూ మధ్య సూటి తప్పింది. రబ్బరు నల్లగా మెరుస్తూ, గట్టిపడి, వంచితే పగులుతుంటే గ్రీజు అందక కాలింది. రింగు వెనక భాగం పిండి బయటికి తీసినట్టు సన్నని అంచుగా వచ్చి ఉంటే స్పేసర్ అరిగి సందు పెరిగింది, లేదా ఒత్తిడి దాని పరిమితి దాటింది. ఉబ్బి మెత్తగా ఉంటే రబ్బరుకూ మడ్‌కూ పడలేదు. ఒకే చోట కోసినట్టు చీలి, మిగతాదంతా బాగుంటే కట్టేటప్పుడే తెగింది.

వాష్‌పైప్‌ను తుడిచి, గోరు నిలువుగా పైపు పొడవునా లాగండి. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే ఆ పైపు పనికిరాదు. పైన ఉన్న గట్టి పూత లేచిపోయి ఉన్నా పనికిరాదు. గాడి పడిన పైపు మీద కొత్త ప్యాకింగ్ వేస్తే ఆ గాడి ఆకురాయిలా పనిచేసి లిప్‌ను తినేస్తుంది. డబ్బు మిగులుతుందని ప్యాకింగ్ మాత్రమే మార్చి పాత పైపును ఉంచేయడం వల్ల ఆదా ఏమీ ఉండదు. రెండూ కలిపి మార్చండి.

సూటి చూడటం

పాత రింగు ఒకవైపు అరిగి ఉన్నా, ప్యాకింగ్ మాటిమాటికీ పోతున్నా ఈ మెట్టు వదలొద్దు. అసెంబ్లీ తీసేసి ఉన్న ఆ కాస్త సమయంలోనే ఇది వీలవుతుంది. డయల్ ఇండికేటర్ అయస్కాంత స్టాండ్‌ను షాఫ్ట్ పై చివర పెట్టి, దాని మొనను గూస్‌నెక్ వైపు నున్నని ముఖానికి తాకించండి. షాఫ్ట్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ నాలుగు చోట్ల రీడింగ్ రాసుకోండి. ఇందుకోసం తాళాలు తీసి మోటారుతో తిప్పకండి. ఎంత తేడా ఒప్పుకోవచ్చో మీ యంత్రం మాన్యువల్‌లో ఉంటుంది. అది దాటితే బోనెట్ (గూస్‌నెక్‌ను పట్టి ఉంచే పై భాగం) బోల్టులు వదులు చేసి, జరిపి, మళ్లీ కొలిచి బిగించాలి.

షాఫ్ట్‌ను చేత్తో పక్కకు నెట్టినప్పుడు ముల్లు కదులుతోందంటే బేరింగ్‌లో ఆట (అదనపు వదులు) ఉంది. అప్పుడు ఏ ప్యాకింగ్ వేసినా నిలబడదు. ఆ సంగతి రాతపూర్వకంగా మెయింటెనెన్స్‌కు తెలియజేయండి. రోటరీ హోస్ ఒక పక్కకు గట్టిగా లాగుతోందా, ఎక్కడైనా మెలిక పడిందా అన్నది కూడా ఒకసారి చూడండి.

ఎక్కించడం, గ్రీజు, మొదటి గంట

కూర్చునే ముఖాలు, మరలు గుడ్డతో శుభ్రంగా తుడవండి. కొత్త ఓ-రింగులకు గ్రీజు రాసి గాడిలో పెట్టండి. రెండు నట్లనూ ముందు చేత్తోనే ఎక్కించండి. చేత్తో సాఫీగా ఎక్కకపోతే మర అడ్డం పడినట్టే, విప్పి మళ్లీ ఎక్కించండి. తర్వాత మాన్యువల్ చెప్పిన వరుసలో సమ్మెటతోనో, దీని కోసమే ఉన్న టార్క్ రెంచ్‌తోనో బిగించండి. ఈ నట్ల బిగింపు అసెంబ్లీని పట్టి ఉంచడానికే. ప్యాకింగ్ లీక్‌ను ఆపడానికి కాదు.

గ్రీజును పంపు ఆపి, ఒత్తిడి లేనప్పుడే కొట్టాలి. ఒత్తిడి ఉన్నప్పుడు లిప్ పైపును గట్టిగా పట్టేసి ఉంటుంది, గ్రీజు దాని కిందికి దూరదు. ఒత్తిడి తీస్తే లిప్ వదులవుతుంది. చేతి గన్ వాడండి. గాలి గన్‌తో బలంగా కొడితే లిప్ తిరగబడే ప్రమాదం ఉంది. ఆ తర్వాత ప్రతి 12 గంటల షిఫ్టుకూ కనీసం ఒకసారి, కనెక్షన్ సమయంలో (కొత్త పైపు కలిపేటప్పుడు) పంపు ఆగినప్పుడు గ్రీజు పెట్టించండి. వేడి మడ్, ఎక్కువ ఆర్‌పీఎం ఉన్న రోజుల్లో ఇంకా తరచుగా కావాలి.

తాళాలు తీసి, మనుషులంతా కిందికి దిగాక, పంపు లేకుండా తక్కువ వేగంతో కాసేపు తిప్పండి. ఐబీఓపీ తెరిచి, బ్లీడ్ వాల్వ్ మూసి పంపును నెమ్మదిగా ఎత్తండి. ఒత్తిడిని ఒకేసారి పెంచకుండా మెట్లు మెట్లుగా పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర ఆగి దూరం నుంచి చూడండి. మొదటి కొన్ని గంటల తర్వాత మళ్లీ ఒత్తిడి తీసి, లాక్ చేసి నట్లు వదులయ్యాయేమో చూసి రండి.

ఎక్కువ రోజులు నిలబెట్టేది మడ్ ట్యాంక్ దగ్గర

ప్యాకింగ్ ఆయుష్షులో సగం స్వివెల్ దగ్గర కాదు, షేల్ షేకర్ (మడ్‌లోని రాతి ముక్కలను జల్లించే యంత్రం) దగ్గర తేలుతుంది. మడ్‌లో ఇసుక శాతం 0.5 కన్నా తక్కువ ఉండేలా చూసుకోవడం మంచిది. ఈ పరీక్షకు 200 మెష్ జల్లెడ వాడతారు, అంటే 74 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువు ఏదైనా ఇసుక కిందే లెక్క. బరువు కోసం కలిపే బరైట్ కూడా గరుకే, కానీ ఏపీఐ ప్రమాణం ప్రకారం అందులో 75 మైక్రాన్లు దాటినది 3 శాతం మించకూడదు. మన కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి (బరైట్) గనుల నుంచి వచ్చే ఖనిజం ప్రపంచంలో చాలా రిగ్గులకు వెళుతుంది. దాన్ని సరిగ్గా నూరకపోతే ఆ ముతక రేణువులు తిరిగేది ముందు పంపు లైనర్‌లో, తర్వాత ఇదే ప్యాకింగ్‌లో. కాబట్టి ప్యాకింగ్ తరచూ పోతుంటే మడ్ ఇంజినీరును అడగండి: షేకర్ స్క్రీన్ ఎక్కడైనా చిరిగిందా, ఇసుక, సన్న మట్టి తీసే డీసాండర్, డీసిల్టర్ సరిగ్గా నడుస్తున్నాయా? పంపు పల్సేషన్ డాంపెనర్‌లో (ఒత్తిడి కుదుపులను తగ్గించే గ్యాస్ గదిలో) గ్యాస్ ఒత్తిడి సరిగ్గా ఉందా అని కూడా చూడాలి. అది దిగిపోతే ప్రతి స్ట్రోక్‌కూ లిప్ మీద దెబ్బ పడుతుంది.

సెంట్రిఫ్యూగల్ పంపు దగ్గర లెక్క వేరు

మడ్ ట్యాంకుల దగ్గర ఉండే సూపర్‌చార్జర్ (పెద్ద పంపుకు మడ్ అందించే పంపు), మిక్సింగ్ పంపుల్లో గ్లాండ్ ప్యాకింగ్ (షాఫ్ట్ చుట్టూ వేసి నట్లతో నొక్కే రింగులు) ఉంటుంది. వాష్‌పైప్‌కు పనికొచ్చిన ఆలోచన అక్కడ పనిచేయదు. గ్లాండ్ నుంచి చుక్క చుక్కగా కారుతూ ఉండాలి. ఆ చుక్కలే ప్యాకింగ్‌ను చల్లబరుస్తాయి. ఫ్లోర్ తడవకూడదని గ్లాండ్ నట్లు పూర్తిగా బిగిస్తే ప్యాకింగ్ కాలిపోయి, షాఫ్ట్ స్లీవ్‌కు గాడి పడి, రెండు రోజుల్లో ధారగా కారుతుంది. రింగుల అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా పావు చుట్టు తేడాతో వేయండి. రెండు నట్లనూ సమానంగా, చేతి బిగువు నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా బిగించండి. పంపు నడుస్తున్నప్పుడు చుక్కలు చూసి సర్దండి.

గోదావరి డెల్టాలో మడ్‌తో రోటరీ బోర్లు వేసే చిన్న రిగ్గుల స్వివెల్‌కు కూడా పైన చెప్పినవే వర్తిస్తాయి. ఒత్తిడి తక్కువ, భాగాలు చిన్నవి, కానీ గ్రీజు నిపుల్ మట్టితో మూసుకుపోవడం అక్కడ ఎక్కువ. గన్ పెట్టే ముందు నిపుల్ తుడవండి, గ్రీజు లోపలికే వెళుతోందో పక్కల నుంచి బయటికే వస్తోందో చూడండి.

ఇక పని అయ్యాక రిగ్ రిజిస్టర్‌లో నాలుగు విషయాలు రాయండి: ప్యాకింగ్ ఎన్ని గంటలు తిరిగింది, సగటున ఎంత ఒత్తిడిలో, పాత రింగు ఎలా అరిగింది, డయల్ రీడింగ్ ఎంత వచ్చింది. విప్పిన రింగును ఒక కవర్లో వేసి, తేదీ రాసి, తర్వాతి షిఫ్టు మెకానిక్ చేతికి ఇవ్వండి.